మువ్వ గోపాలుడి పొరుగూరి అమ్మాయి

కృష్ణా జిల్లాను హీరోల జిల్లా అంటారు. అనడంలో తప్పేమీ లేదు. పామర్రుకు కూతవేటు దూరంలో ఉన్న నిమ్మకూరు నందమూరి తారక రామారావుగారి ఊరు. గుడివాడ ప్రాంతంలోని రామాపురం అక్కినేని నాగేశ్వరరావుగారి ఊరు. ఆ ఇద్దరికీ పాటలు పాడిపెట్టిన ఘంటసాలగారు పుట్టిన చౌటపల్లి కూడా ఆ గుడివాడ వైపుదే. బస్సెక్కి ఓ రోజు తిరిగితే తెలుగు సినిమా చరిత్రలో సగం కళ్ళబడుతుంది.

సరే, ఇప్పుడు మీకో ప్రశ్న. రాజశేఖరం ఏ ఊరివాడు?

ఏ రాజశేఖరమా? ఇంకెవరండీ, 'సెక్రటరీ' రాజశేఖరం! ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, చేతినిండా వ్యాపారాలు, వాకిట్లో కారు, పెదవి మీద అదోలాంటి చిరునవ్వు. 1976లో వెండితెర మీద ఆయన అక్కినేని రూపంలో కనిపించాడు. కానీ అంతకు పదేళ్ళు ముందే 'జ్యోతి' మాసపత్రిక పేజీల్లోంచి నడిచివచ్చి, తెలుగుదేశంలో వేలమంది ఆడపిల్లల మనసుల్లో అద్దె కట్టకుండా కాపురం పెట్టేశాడు. సినిమాకు రాకముందే స్టార్ అయిపోయిన హీరో అతను.

అతన్ని కన్న కలం యద్దనపూడి సులోచనారాణిగారిది. ఆవిడ పుట్టింది 1939లో, ఇప్పటి మొవ్వ మండలంలోని కాజ గ్రామంలో. అంటే రాజశేఖరానికి అమ్మమ్మగారి ఊరు కాజ అన్నమాట! హీరోల ఊళ్ళన్నీ చూసినవాళ్ళు ఈ ఒక్క ఊరూ వదిలెయ్యడం అన్యాయం కదూ? అందుకే బయల్దేరాను.

అన్నట్టు, మంగళగిరి పక్కన హైవే మీద టోల్‌గేటు ఉన్న కాజ వేరు. అది గుంటూరు జిల్లాది. పొరపాటున అక్కడ దిగి నవలా రచయిత్రి గురించి వాకబు చేస్తే లారీ డ్రైవర్లు నవ్వుతారు.

బందరు రోడ్డు మీద

బెజవాడ బస్టాండులో బందరు వైపు పోయే బస్సెక్కితే పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు వరసగా వస్తాయి. 2022లో జిల్లాలు విడగొట్టాక బెజవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి పోయింది. ఈ ఊళ్ళు మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయాయి. ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ. దారి పొడుగునా కాలవలు, కాలవగట్ల మీద కొబ్బరిచెట్లు, వరిచేలు. వరి కోసిన తరవాత ఆ పదునులోనే మినుము చల్లే నేల ఇది. పండే నేల కాబట్టే ఇక్కడ బళ్ళు ముందుగా వచ్చాయి, బళ్ళోకి ఆడపిల్లలు ముందుగా వెళ్ళారు, చదువు నేర్చిన ఆడపిల్లలకు చదువుకోడానికేదైనా కావలసి వచ్చింది. నవల ఎక్కడ పుడుతుందంటే నేను ముందు కాలవనే చూపిస్తాను.

ఉయ్యూరులో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూచున్నారు. డెబ్బై దాటి ఉంటాయి. ఒళ్ళో గుడ్డసంచీ. నా చేతిలోని పుస్తకం అట్ట కేసి రెండు మూడుసార్లు చూసి, ఇక ఉండబట్టలేక అడిగారు.

"ఏమ్మాయ్, ఇప్పటి పిల్లలు కూడా 'సెక్రటరీ' చదువుతున్నారా?"

"మీరు చదివారా పిన్నిగారూ?"

"చదవకపోవడమేంటి! మాది పత్రిక కొనే ఇల్లు కాదు. కరణంగారింటికి వచ్చేది. వాళ్ళమ్మాయి చదివాక నాకిచ్చేది, నేను చదివాక ఎదురింటి పిల్లకి. ఎదురింటి నుంచి ఎక్కడికి పోయేదో ఆ భగవంతుడికే తెలియాలి. నెల తిరిగేసరికి అట్ట ఊడిపోయి మళ్ళీ కరణంగారింటికి చేరేది. ఆయన దాన్ని చూసి లబలబలాడేవాడు."

"మరి రాజశేఖరం దొరికాడా?" అని నవ్వుతూ అడిగాను.

ఆవిడ పడీపడీ నవ్వారు. "మా ఆయన అయిదడుగుల మూడంగుళాలమ్మా. కారు కూడానా! ర్యాలీ సైకిలు. దానికీ బెల్లు మోగేది కాదు."

కాస్సేపు ఊరుకుని మళ్ళీ ఆవిడే అందుకున్నారు. "రాజశేఖరం మాట ఎలా ఉన్నా, జయంతి మాత్రం నాకు పనికొచ్చింది. స్కూలు ఫైనలు అయ్యాక మా నాన్న సంబంధాలు చూడ్డం మొదలెట్టాడు. నేను టైపు నేర్చుకుంటానని మొండికేశా. రెండ్రోజులు అన్నం ముట్టలా. మూడోనాడు ఆయనే తీసికెళ్ళి టైపు ఇనిస్టిట్యూట్‌లో చేర్పించాడు. లోయరు పాసయ్యా."

"తరవాత?"

"తరవాతేముంది, పెళ్ళి. ఉద్యోగం లేదు, సద్యోగం లేదు." అని సంచీ మీద పది వేళ్ళూ పరిచి, టకటకా ఆడించి చూపించారు. "ఎ, ఎస్, డి, ఎఫ్... చూడు, ఇంకా పోలేదు!"

పామర్రు వచ్చింది. ఆవిడ దిగిపోయారు. నవలలు చదివి ఆడపిల్లలు చెడిపోతారని ఆ రోజుల్లో పెద్దలు బెంగపడేవారట. రెండ్రోజులు అన్నం మానేసి టైపు నేర్చుకోవడం చెడిపోవడమైతే, ఆ చెడిపోవడం ఇంకాస్త ఎక్కువ మందికి జరిగి ఉంటే బాగుండేది.

జడ విసిరే భామ

పామర్రులో బందరు రోడ్డు వదిలి కుడివైపు తిరిగితే కూచిపూడి. నాట్యం పేరే ఊరి పేరు! ఇక్కణ్ణించే వెంపటి పెదసత్యం, చినసత్యంగార్లు మద్రాసు వెళ్ళి సినిమాల్లో ఎన్నో నాట్యాలు కూర్చారు. మన తారలు వేసిన చక్కటి అడుగుల్లో చాలా వాటికి పుట్టిల్లు ఈ వీధులే. రామలింగేశ్వరస్వామి గుడి దగ్గర నిలబడితే, సాయంత్రం పూట ఏదో ఒక అరుగు మీంచి తాళం చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

ఈ ఊరి ఆటల్లో రాణి 'భామాకలాపం'. సిద్ధేంద్రయోగి కూర్చిందని చెబుతారు. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. తెర వెనక సత్యభామ. మనిషి కనపడకముందే తెర మీంచి పొడుగాటి జడ వచ్చి ఇటు పడుతుంది. నన్ను మించిన వాళ్ళుంటే వచ్చి ఈ జడ పట్టుకోండని సవాలు! ఎంత పొగరు! ఎంత అందమైన పొగరు! ఆ తరవాత మొగుడి మీద అలక, విరహం, ఉత్తరం రాసి మాధవి చేత పంపడం, చివరికి రాజీ. ప్రేమ ఉంది, కానీ తలవంచదు. తల వంచదు కాబట్టే కథ నడుస్తుంది. 1966లో 'శ్రీకృష్ణ తులాభారం' చూసినవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు, జమునగారు కళ్ళ ముందు నిలబడతారు.

అయితే ఇక్కడో తమాషా ఉంది. కూచిపూడిలో ఆ భామ వేషం తరతరాలుగా కట్టింది మగవాళ్ళు. ఇరవయ్యో శతాబ్దంలో వేదాంతం సత్యనారాయణశర్మగారు జడ వేసుకుని, ఓరచూపు చూస్తూ వస్తుంటే, ఆడవాళ్ళే ఆయన దగ్గర నడక నేర్చుకోవాలన్నంత పేరు. అలక ఆడది, వేషం మగవాడిది, మాటలు రాసిందీ మగవాడే.

కూచిపూడి దాటితే మొవ్వ. ఇక్కడ వేణుగోపాలస్వామి గుడి ఉంది. పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య ఈ స్వామిని తలుచుకునే 'మువ్వ గోపాల' అని పదాలు రాశాడు. ఆ పదాల్లో మాట్లాడేది ఎక్కువగా నాయికే. రానివాడి కోసం ఎదురుచూసేది, పొద్దున్నే వచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి నిలదీసేది, తన దగ్గర పడిఉన్నవాణ్ణి చూసి మురిసేది. అన్ని రకాల నాయికలూ ఉన్నారు. పాడి, ఆడి బతికించింది దేవదాసీలు. రాసింది మాత్రం మగవాడు.

నేను తప్పు పట్టడం లేదు. అంత గొప్పగా రాసినందుకు దండం పెడతాను. ఆడవాళ్ళు అసలు రాయలేదనీ అనను. పద్ధెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. రాస్తే ఏమయింది? బెంగుళూరు నాగరత్నమ్మగారు దాన్ని 1910లో మళ్ళీ అచ్చు వేయిస్తే, మరుసటేడు ప్రభుత్వం నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం పోలేదు. మగవాడు నాయిక మనసు రాస్తే పదం, ఆడది రాస్తే నేరం!

ఈ సంగతులన్నీ మనసులో పెట్టుకుని మొవ్వ నుంచి ఆటో ఎక్కండి. కొద్దిసేపట్లో కాజ వస్తుంది.

కాజలో ఏం చూడాలి?

నేను అక్కడ ఫలానావారి ఇల్లేదని అడగలేదు. ఇళ్ళు మారతాయి, చేతులు మారతాయి. ఇప్పుడున్నవాళ్ళ తలుపు తట్టి ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. ఊరంతా ఒకసారి నడిచాను. చేలు, చెట్లు, అరుగులున్న పాత ఇళ్ళు, వాటి పక్కన కొత్త డాబాలు. కృష్ణా డెల్టాలో ఏ ఊరయినా ఇలాగే ఉంటుంది. ఇక్కడ కనపడనివే నన్ను ఆపేశాయి. జయంతి పనిచేసిన ఆఫీసుగది కనపడదు. పార్టీలు కనపడవు. పట్నంలో పెద్ద పెద్ద బంగళాలు, ఫోన్లు, పూలకుండీల వరండాలు ఏవీ లేవు.

ఆ బంగళాలన్నీ ఇలాంటి ఊరి అమ్మాయి ఊహలోంచి వచ్చాయి. 1956లో, పదిహేడేళ్ళ వయసులో, ఆంధ్రపత్రిక వారపత్రికలో తొలి కథ 'చిత్ర నళినీయం' అచ్చయింది. పెళ్ళయి హైదరాబాదు వెళ్ళారు. ఇల్లు చూసుకుంటూ రాశారు. ఆ నవలల్లోని పట్నం నాకు ఎప్పుడూ పల్లెటూరి అరుగు మీద కూచుని చూసినట్టే ఉంటుంది. ఎంత ధనవంతుడి ఇల్లయినా అందులో ఒక బామ్మో, ఒక అత్తయ్యో ఉంటుంది. ఎంత పెద్ద కారయినా చివరికి ఒక పేద ఇంటి గుమ్మం ముందే ఆగుతుంది. చదివే పిల్లకు ఆ గుమ్మం తనదే అనిపిస్తుంది. అక్కడే ఉంది కిటుకు!

సరే, 'సెక్రటరీ' సంగతే చూద్దాం. జయంతికి బామ్మ తప్ప దిక్కు లేదు. ఉద్యోగం చేస్తే గాని రోజు గడవదు. రాజశేఖరం దగ్గర సెక్రటరీగా చేరుతుంది. అతని గురించి ఊళ్ళో ఆడవాళ్ళు రకరకాలుగా చెప్పుకుంటారు. నిజమేదో జయంతికి తెలీదు, కాబట్టి మనకూ తెలీదు. మనసు అటు లాగుతుంది. ఆత్మాభిమానం ఇటు లాగుతుంది. కథంతా ఆ లాగుడే. డబ్బున్నవాడు చెయ్యి చాస్తే పరుగెత్తుకెళ్ళి పట్టుకోవడం ఆ పిల్లకు చేతకాదు.

కూచిపూడి భామ జడ విసిరితే, జయంతి రాజీనామా విసరగల మనిషి. ఆవిడ కూచిపూడిని చూసి రాశారని నేననను, దానికి నా దగ్గర రుజువు లేదు. కానీ ఈ మూడూళ్ళూ ఒకే పూటలో తిరిగినవాళ్ళకు ఒక్కటి మాత్రం తోస్తుంది. మగవాళ్ళు వందల ఏళ్ళు ఆడమనసును ఆడి, పాడి చూపించిన చోటికి పొరుగునే పుట్టిన ఒక అమ్మాయి, ఆ పని తనే స్వయంగా చేసింది. ఈసారి నిషేధం రాలేదు. పునర్ముద్రణలు వచ్చాయి!

ఏలూరు రోడ్డు, గాంధీనగరం

తిరుగు బస్సులో బెజవాడ చేరేసరికి దీపాలు పెట్టారు. కథలో మిగతా సగం ఇక్కడుంది.

బందరులో ఎం. శేషాచలం అండ్ కంపెనీ అని ఒక ప్రచురణ సంస్థ ఉండేది. దాని పొట్టిపేరే ఎమెస్కో. 1960ల్లో వాళ్ళు పాకెట్ బుక్కులు మొదలెట్టారు. 'ఇంటింటా స్వంత గ్రంథాలయం' అని పథకం పెట్టి, చందాదారుల ఇళ్ళకు పోస్టులో పుస్తకాలు పంపించారు. బెజవాడ ఏలూరు రోడ్డు నిండా పుస్తకాల షాపులు. ఊరూరా అద్దె లైబ్రరీలు. పుస్తకం కొనలేని పిల్ల రోజుకింతని ఇచ్చి తెచ్చుకుని, రాత్రికి రాత్రి చదివేసి పొద్దున్నే తిరిగిచ్చేది. వారపత్రికలూ మాసపత్రికలూ ధారావాహికల కోసం పోటీలు పడ్డాయి. ఆ రోజుల్లో కలం పట్టిన మహిళలు ఎందరో! కోడూరి కౌసల్యాదేవి, రంగనాయకమ్మ, మాదిరెడ్డి సులోచన, వాసిరెడ్డి సీతాదేవి... ఒకరి దారి ఒకరిది కాదు. అందరిలోకీ ప్రేమకథకు పట్టాభిషేకం చేసింది మాత్రం సులోచనారాణిగారే.

ఆ గిరాకీ ఎంతదాకా పోయిందంటే, కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని నవలలు రాయడం మొదలెట్టారు! కూచిపూడిలో జడ కట్టుకోవడం గుర్తొచ్చిందా? నాకూ అదే గుర్తొచ్చింది. కాకపోతే అక్కడ ఆడవాళ్ళకు రంగస్థలం లేక మగవాళ్ళు వేషం కట్టారు. ఇక్కడ ఆడవాళ్ళ పేరుకే అంగట్లో ధర పలికి కట్టారు.

ఏలూరు రోడ్డు నుంచి గాంధీనగరం ఎంతో దూరం లేదు. అది సినిమా పంపిణీదారుల పేట. ఏ బొమ్మ ఆడుతుందో, ఏది పోతుందో అంచనాలు కట్టిన పేట. ఇటు పుస్తకాల షాపులో ఏ నవల ఎగిరిపోతున్నదో అటు తెలియడానికి ఎంతసేపు? జనం అప్పటికే మెచ్చిన కథ నిర్మాతకు సగం భరోసా. కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. 'ప్రేమనగర్' 1971లో వచ్చి డి. రామానాయుడుగారిని నిలబెట్టింది. ఆ తరవాత నవలా చిత్రాలు వరస కట్టాయి.

యద్దనపూడివారి వరస చూడండి. 'విజేత' నవల 1972లో ఆదుర్తి సుబ్బారావుగారి దర్శకత్వంలో 'విచిత్రబంధం' అయింది. 1973లో తాతినేని రామారావుగారి 'జీవన తరంగాలు'. పోలీసులనుంచి తప్పించుకోడానికి శవయాత్రలో కలిసిపోయి, అది కన్నతల్లి పాడె అని తెలియకుండానే మోసే కొడుకును చూసి హాలంతా ఏడ్చిన బొమ్మ. అదే ఏడు 'మీనా', తెలుగులో విజయనిర్మలగారు దర్శకత్వం వహించిన తొలి చిత్రం. ఒక రచయిత్రి కథను ఒక దర్శకురాలు తీయడం అప్పట్లో ఎంత అరుదో చెప్పనక్కర్లేదు. 1974లో 'ఆరాధన' నవల నుంచి 'బంగారు కలలు'. 1976లో 'సెక్రటరీ'. 1981లో 'అగ్నిపూలు'. 'జీవన తరంగాలు', 'సెక్రటరీ', 'అగ్నిపూలు' మూడూ రామానాయుడుగారివే.

1976 దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ ఏడు 'మహాకవి క్షేత్రయ్య' కూడా వచ్చింది. ఆదుర్తివారు మొదలుపెట్టి కన్నుమూస్తే సి.ఎస్. రావుగారు పూర్తిచేశారు. క్షేత్రయ్య ఎవరు? అక్కినేని! రాజశేఖరం ఎవరు? అక్కినేనే! మొవ్వ నాయకుడూ, కాజ నాయకుడూ ఒకే ఏడాది ఒకే మనిషి ముఖంతో తెరకెక్కారు. ఆటోలో చిటికెలో పోయే దూరాన్ని ఆయన ఆ ఏడాది నటనలో దాటారు.

అయితే తెరకెక్కేటప్పుడు ఒక వస్తువు దారిలో జారిపోయింది. నవలలో రాజశేఖరాన్ని మనం జయంతి కళ్ళతోనే చూస్తాం. అతను మంచివాడో కాదో చివరిదాకా అనుమానమే. సినిమాలో ఆ వేషం అక్కినేనిది. అక్కినేని చెడ్డవాడని ఏ ప్రేక్షకుడు నమ్ముతాడు? మొదటి రీలుకే మనకు నిజం తెలిసిపోతుంది, పాపం జయంతికి మాత్రం తెలీదు. నవలలో తెలివిగలదిగా కనిపించిన జాగ్రత్త, తెరమీద ఒక్కోసారి మొండితనంలా కనిపిస్తుంది. వాణిశ్రీగారు ఆ అభిమానాన్ని కళ్ళల్లో నిలబెట్టారు కాబట్టి సరిపోయింది. సినిమా చూసి ఊరుకున్న యువతీ యువకులకు నా విన్నపం ఇదే. పుస్తకం కూడా చదవండి. అది హీరోయిన్ బొమ్మ!

కలలు అమ్మడం తప్పా?

ఆవిడ మీద ఆక్షేపణలు తక్కువేమీ కాదు. శ్రీకాకుళం రగిలిన రోజులవి. 1970లో విరసం పుట్టింది. అలాంటప్పుడు కారు షికార్ల కథలేమిటని నిలదీసినవాళ్ళున్నారు. ఆడపిల్లలను ఊహాలోకాల్లో ఊరేగిస్తున్నారన్నారు. ఏ ఊళ్ళోనూ లేని మగవాణ్ణి చూపించి, ఉన్న మగవాళ్ళ మీద మనసు విరిచేస్తున్నారన్నారు.

అందులో నిజం లేకపోలేదు. ఇవాళ చదివితే నాకూ కొన్నిచోట్ల మనసు ఒప్పుకోదు. నాయకుడి దురుసు మాటను ప్రేమకు గుర్తుగా తీసుకోమన్నట్టు ఉండే ఘట్టాలు ఉన్నాయి. నాయిక ఎంత ఉద్యోగం చేసినా కథ పెళ్ళిపందిట్లోనే ముగియాలి. డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో, ఆ ఫ్యాక్టరీలో పనివాళ్ళ బతుకేమిటో ఎవరూ అడగరు.

కానీ బస్సులో ఆ పెద్దావిడ వేళ్ళు నాకు గుర్తొస్తాయి. రాజశేఖరం వస్తాడని ఆవిడ కూచోలేదు. రాడని తెలుసు. సైకిలు మొగుడితో కాపురం చేసి నవ్వుతూనే చెప్పారు. ఆ పుస్తకంలోంచి ఆవిడ తీసుకున్నది 'నాకు ఇది కావాలి' అనే ఒక మాట. ఇంట్లో ఎవరూ నేర్పని మాట. ఆ మాటతో ఉద్యోగం దాకా పోలేకపోవడం ఆవిడ తప్పు కాదు, నవల తప్పూ కాదు. ఆ రోజుల్లో ఇంటి గుమ్మానికీ ఆఫీసు గుమ్మానికీ మధ్య దూరం అంతది. ఆ దూరం ఉందని తెలియడం కూడా చిన్న సంగతి కాదు.

కలలు అమ్మేవాళ్ళు చాలామంది ఉంటారు. కొన్నవాళ్ళకు కల చెదిరాక ఏం మిగిల్చారన్నదే లెక్క.

చివరి మజిలీ

2006 తరవాత 'గిరిజా కల్యాణం' నవల 'రాధ మధు' పేరుతో బుల్లితెర ధారావాహిక అయి, కొత్త తరానికి ఆవిణ్ణి పరిచయం చేసింది. 2016లో త్రివిక్రమ్ శ్రీనివాస్ 'అ ఆ' వస్తే, తల్లి చాటున పెరిగిన ధనవంతులమ్మాయి పల్లెలోని చుట్టాలింటికి రావడం చూసి, అమ్మమ్మలంతా ఇది మన 'మీనా'యే కదా అన్నారు. సమంతను చూడ్డానికి వెళ్ళిన మనవరాళ్ళు ఇంటికొచ్చి పాత పుస్తకం వెతికారు. నలభై మూడేళ్ళ తరవాత కూడా అదే పిల్ల, అదే పల్లె, అదే బావ! నవలకు అంతకన్నా సర్టిఫికెట్టు ఏం కావాలి?

2018 మే 21న సులోచనారాణిగారు అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని కుపర్టినోలో, కూతురి దగ్గర ఉండగా కన్నుమూశారు. కంప్యూటర్ల ఊరు అది. తెలుగు ఇంజనీర్లు, అందులో ఆడపిల్లలు, ఎంతోమంది ఉద్యోగాలు చేసుకుంటున్న చోటు. వాళ్ళ అమ్మలూ అమ్మమ్మలూ ఒకప్పుడు ఫారిన్ నుంచి కారులో దిగే హీరో కోసం పేజీలు తిప్పారు. ఈ పిల్లలు తమ కారు తామే నడుపుకుంటున్నారు. కాజలో మొదలైన ప్రయాణం ఆగిన చోటు అది. ఏ నవలలోనూ ఆవిడ రాయని ముగింపు!

ఈసారి కూచిపూడి వెళ్ళేవాళ్ళకు చిన్న సలహా. పొద్దున్నే బెజవాడలో బయల్దేరండి. రామలింగేశ్వరుడి గుడి చూడండి. మొవ్వలో వేణుగోపాలస్వామికి దండం పెట్టండి. అక్కడితో వెనక్కి తిరక్కుండా కాజ దాకా పోయి రండి. సంచీలో ఒక పుస్తకం పెట్టుకోండి. అద్దెపుస్తకం అయితే మరీ మంచిది, మార్జిన్లలో వెనకటివాళ్ళు పెన్సిలుతో గీసిన గీతలుంటాయి. ఏ మాట కింద గీశారో చూడండి. రాజశేఖరం అందం దగ్గర కన్నా, జయంతి ఎదురు జవాబు చెప్పిన చోటే గీతలు ఎక్కువుంటాయని నా పందెం.